బ్రెజిల్ పచ్చికల్లో ఒంగోలు సంతతి కోత వయసు

బ్రెజిల్ దేశంలో నేడు మేస్తున్న పశువుల సంఖ్య 23 కోట్లు దాటింది. వాటిలో సుమారు 80 శాతం మూపురం గల భారతీయ పశువుల రక్తం కలిసినవే కాగా, వాటన్నింటిలో అగ్రస్థానం నెలోరె అనే తెల్లని జాతిది. ఒంగోలు సీమ మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న కాలంలో అక్కడి నుంచి ఓడలెక్కిన పశువుల సంతానం కనుక ఆ జిల్లా పేరే దానికి స్థిరపడింది. గత అర్ధ శతాబ్దంలో ఈ జాతి పశువును మేపి, బలిపించి, కబేళాకు పంపే వయసు, అంటే పశుపోషకుల మాటలో కోత వయసు, నాలుగైదేళ్ల నుంచి మంచి యాజమాన్యం ఉన్న మందల్లో రెండున్నరేళ్లకూ అంతకు లోపలికీ దిగివచ్చింది. ఈ తగ్గుదలను వాతావరణ రక్షణ చర్యగా ప్రభుత్వాలు పేర్కొనడం ఇటీవలి పరిణామమే. అంతకు చాలా ముందే అది వేరే కారణాల వల్ల మొదలైంది. పశువు ఎంతకాలం బతకాలన్నది దాని శరీర ధర్మం ఒక్కటే నిర్ణయించిన సందర్భం ఈ చరిత్రలో కనబడదు. పచ్చిక దొరికే తీరు, డబ్బు విలువ, కొనుగోలుదారు షరతు, భూమి హక్కు, వీటిలో ఏది ఆ కాలంలో బలంగా ఉంటే అదే కోత వయసును నిర్ణయించింది.

గుండ్లకమ్మ, ముసి, పాలేరు, మన్నేరు నదుల మధ్య ప్రాంతంలో రూపుదిద్దుకున్న ఒంగోలు జాతిని మాంసం కోసం ఎవరూ పెంచలేదు. నల్లరేగడి నేలను దున్నడానికీ బరువైన బండ్లు లాగడానికీ పనికివచ్చే ఎద్దును ఇవ్వడం, రైతు ఇంటికి కాసిని పాలు ఇవ్వడం ఆ జాతి పని. జొన్న చొప్ప, పిల్లిపెసర వంటి మేతలతో పెరిగే కోడెకు మూడేళ్లు నిండే దాకా కాడి మెడకెత్తకపోవడం, ఆవు తొలి ఈతకు మూడేళ్లు దాటడం అక్కడ లోపాలుగా లెక్కకు రాలేదు. పదేళ్లకు పైగా పనిచేయవలసిన జంతువు ఎముక ముదిరి, కాళ్లు నిలదొక్కుకుని నిదానంగా పెరగడమే రైతుకు కావలసింది. దేవుడి పేర అచ్చువేసి ఊరి మీద వదిలిన ఆంబోతుల ద్వారా మంచి లక్షణాలు తరతరాలకు అందేవి. కోడె వయసును పళ్లను బట్టి చెప్పడం, అంటే పాలపళ్లు రాలి వచ్చిన శాశ్వత దంతాల లెక్కతో రెండు పళ్ల కోడె, నాలుగు పళ్ల కోడె అని వ్యవహరించడం, సంతల్లో బేరానికి ఆధారం. ఇదే పళ్ల లెక్క చాలా దూరదేశంలో, పూర్తిగా వేరే ప్రయోజనానికి, ఈ జాతి చరిత్రలో మళ్లీ ఎదురవుతుంది.

సముద్ర ప్రయాణాల వృత్తాంతం తరచుగా చెప్పబడేదే కనుక దానిని క్లుప్తంగా గుర్తుచేస్తే చాలు. 1868లో ఇంగ్లండుకు వెళ్తున్న ఓడ ఒకటి బహియా రాష్ట్రంలోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు ఒక ఒంగోలు జంట అక్కడ అమ్ముడైందని బ్రెజిల్ పశుపోషకుల గ్రంథాలు చెబుతాయి. 1878లో మానోయెల్ ఉబెల్‌హార్ట్ లెమ్‌గ్రూబర్ అనే పశుపోషకుడు జర్మనీలోని హాంబర్గ్ జంతు ప్రదర్శనశాలలో ఈ పశువులను చూసి కొన్నాడు. మినాస్ జెరైస్ రాష్ట్రంలోని ఉబెరాబా పట్టణం నుంచి 1893లో తెయోఫిలో దె గోదోయ్ స్వయంగా భారతదేశానికి వచ్చిన తర్వాత ఈ రాకపోకలు ఒక వ్యాపారంగా మారాయి. వీరెవరూ త్వరగా బలిసే పశువు కోసం వెతకలేదు. ఎండకు తాళడం, పిడుదులను తట్టుకోవడం, ముతక గడ్డితో బతకడం, ఎంత దూరమైనా నడవడం వారికి కావలసిన గుణాలు. త్వరగా బలిసే గుణం ఉన్న యూరప్ జాతులు ఉష్ణమండలపు జ్వరాలకు చనిపోతుంటే, నిదానంగానైనా బతికి ఈనే జంతువే లాభసాటి అయింది.

ఆ దేశంలో అప్పటికి ఉన్న పశువులు పోర్చుగీసు వలసదారులు తెచ్చిన మందల నుంచి శతాబ్దాల పాటు అడవి పచ్చికల్లో స్థానికంగా పెరిగినవి. మాటో గ్రోసో వంటి లోతట్టు ప్రాంతాల్లో పుట్టిన కోడె అక్కడే మూడు నాలుగేళ్లు తిరిగి, తర్వాత గుర్రాలపై వచ్చే తోలుడుగాళ్ల వెంట వారాల తరబడి నడిచి సావో పాలో చేరేది. దారిలో కరిగిపోయిన కండ తిరిగి పట్టేందుకు ఇన్వెర్నాద అనే మేలైన పచ్చిక బీళ్లలో దానిని నెలల తరబడి మేపేవారు. ఒకరు పుట్టించి, ఇంకొకరు పెంచి, మూడో వ్యక్తి బలిపించి అమ్మే ఈ అంచెల ఏర్పాటులో ప్రతి చేతికీ కొంత లాభం మిగలాలి, ప్రతి మార్పిడికీ కొంత కాలం పట్టాలి. భూమి దాదాపు ఉచితం, గడ్డి ఉచితం, కూలి చవక అయిన చోట పశువును మరో ఏడాది ఉంచుకోవడానికి పైసా ఖర్చు కనబడదు. ఆలస్యానికి ధర లేని ఆర్థిక వ్యవస్థలో పశువు ఆలస్యంగానే పెరుగుతుంది. నాలుగైదేళ్ల కోత వయసును వెనుకబాటుగా మాత్రమే చదివే అలవాటు ఆధునిక రచనల్లో ఉంది గానీ, ఆనాటి పరిస్థితుల్లో అది పూర్తిగా హేతుబద్ధమైన నిర్ణయమని ఒప్పుకోవలసి ఉంటుంది.

1913లో బారెటోస్ పట్టణంలో మాంసాన్ని గడ్డకట్టించి నిల్వచేసే తొలి పెద్ద కబేళా ప్రారంభమై, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో యూరప్‌కు ఎగుమతులు మొదలైనప్పుడు తొలిసారిగా మాంసం నాణ్యత చర్చకు వచ్చింది. ముదురు పశువు మాంసం గట్టిగా ఉంటుందన్న ఫిర్యాదు, భారతీయ పశువుల మీద విమర్శగా మారింది. సావో పాలోలో లూయిస్ పెరైరా బారెతో వంటి ప్రముఖులు మూపురపు పశువును తీవ్రంగా వ్యతిరేకించారు. ఈ వాదం సాగుతుండగానే 1920లో భారతదేశం నుంచి బ్రెజిల్‌కు వెళ్తూ బెల్జియంలోని ఆంట్‌వర్ప్ రేవులో దిగిన పశువుల ద్వారా పెద్దజబ్బు, అంటే గోజాతిని తుడిచిపెట్టే రిండర్‌పెస్ట్, ఆ దేశంలో వ్యాపించింది. ఆ ఉపద్రవమే 1924లో పారిస్ కేంద్రంగా అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ ఏర్పడడానికి తక్షణ కారణమైంది. 1921లో సావో పాలోలోనూ అదే వ్యాధి కనిపించడంతో బ్రెజిల్ దిగుమతులను ఆపివేసింది. 1940ల తొలి సగంలో పొడవు చెవుల సంకరజాతి ఇండుబ్రసిల్ మీద పెరిగిన వ్యామోహంలో ఆంబోతుల ధరలు ఆకాశాన్నంటి, ఆ దశాబ్దం మధ్యలో కుప్పకూలాయి. నెలోరె అప్పటికి ఇంకా వెనుక వరుసలోనే ఉంది. 1960ల ఆరంభంలో వచ్చిన చివరి పెద్ద దిగుమతి దాని స్థితిని మార్చివేసింది. ఫెర్నాందో దె నొరోన్యా ద్వీపంలో నిర్బంధ పరీక్షా కాలం గడిపి తీరం చేరిన ఆ మందలో ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరు పెట్టుకున్న ఆంబోతు, తోరెస్ ఓమెమ్ రోద్రిగెస్ ద కూన్యా మందలో సంతానాన్ని విస్తరించి, నేటి నెలోరె వంశావళుల్లో విస్మరించరాని పూర్వీకుడైంది.

ఆ పశువుల గుణాన్ని దేశమంతటా పరిచింది ఆఫ్రికా నుంచి వచ్చిన గడ్డి. మధ్య బ్రెజిల్‌లో సెరాడో అనే విశాలమైన ఆమ్ల నేలల మైదానాల్లో సహజంగా పెరిగే పచ్చిక పలుచనిది. 1970ల్లో బ్రకియారియా జాతి గడ్డి విత్తనాలు అక్కడ పరుచుకోవడం, 1973లో స్థాపితమైన వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా 1984లో పురుగు దాడిని తట్టుకునే మరండు అనే రకాన్ని విడుదల చేయడం వల్ల ఒక్కో హెక్టారు మోయగలిగిన పశువుల సంఖ్య పెరిగింది. గడ్డి మారినా రుతువు మారలేదు. అక్టోబరు నుంచి మార్చి దాకా కురిసే వానల్లో ఏపుగా పెరిగిన గడ్డి, మే నుంచి సెప్టెంబరు దాకా సాగే ఎండాకాలంలో ఎండిపోయి మాంసకృత్తులు లేని పీచుగా మిగులుతుంది. వానల్లో పెరిగిన బరువును పశువు ఎండల్లో పోగొట్టుకుని, మళ్లీ వానల్లో సంపాదించుకునే ఈ చక్రానికి బ్రెజిల్ రైతులు అకార్డియన్ ఎద్దు అని పేరు పెట్టారు. నాలుగు వానాకాలాలు గడిస్తే గానీ పశువు కోతకు రాకపోవడానికి ప్రధాన కారణం జాతి మందగమనం కాదు, ప్రతి ఏడూ సంపాదించినది ప్రతి ఏడూ పోగొట్టుకోవడమే. ఎండాకాలంలో ఉప్పుతో పాటు కొద్దిపాటి యూరియా, నూనెగింజల చెక్క కలిపి పెడితే, పీచును జీర్ణించే సూక్ష్మజీవులకు నత్రజని అంది, అదే ఎండు గడ్డితో పశువు బరువు నిలుపుకోగలదన్న పరిశోధనాఫలం చూడడానికి అల్పమైనదే. కోత వయసును తగ్గించడంలో దాని పాత్ర మాత్రం ఏ ఆంబోతు పాత్రకూ తీసిపోదు.

సాంకేతిక విషయాలు సిద్ధంగా ఉన్నా రైతు వాటిని వెంటనే అందుకోలేదు. ఎందుకో అర్థం కావాలంటే ద్రవ్యోల్బణాన్ని చూడాలి. 1980ల్లోనూ 1990ల ఆరంభంలోనూ బ్రెజిల్ కరెన్సీ విలువ నెలనెలా కరిగిపోయేది. 1993లో ధరల వార్షిక పెరుగుదల 2,000 శాతం దాటింది. అటువంటి కాలంలో అమ్మిన ఎద్దు డబ్బుగా మారిన మరుక్షణం విలువ కోల్పోతుంది, అమ్మని ఎద్దు బీడులో నిలబడి విలువను కాపాడుతుంది. పశువు మాంసం కన్నా ముందు పొదుపు ఖాతా అయింది. 1986 ఫిబ్రవరిలో ప్రభుత్వం క్రుజాదో పథకం కింద ధరలను స్తంభింపజేసినప్పుడు పశుపోషకులు ఎద్దులను అమ్మడం మానుకోగా, పట్టణాల్లో మాంసం కరువై, ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం పోలీసుల సహాయంతో బీళ్లలోని పశువులను స్వాధీనం చేసుకోవలసి వచ్చింది. కోత వయసు ద్రవ్య విధానానికి ఎంత లోబడి ఉంటుందో చూపడానికి ఇంతకన్నా స్పష్టమైన సంఘటన దొరకదు. 1994లో రియల్ అనే కొత్త కరెన్సీ వచ్చి ధరలు కుదుటపడ్డాక, బలిసిన ఎద్దును ఊరికే నిలిపి ఉంచడం నష్టంగా లెక్కకు వచ్చింది. బ్యాంకు వడ్డీతో పోల్చి చూడదగిన పెట్టుబడిగా పశువు మారిన తర్వాతే, దానిని ఎంత త్వరగా అమ్మగలమన్న ప్రశ్నకు అర్థం ఏర్పడింది.

అక్కడి నుంచి మార్పు అనేక వైపుల నుంచి ఒకేసారి వచ్చింది. మాటో గ్రోసో దో సుల్ రాష్ట్రం 1990ల ఆరంభంలోనే లేత వయసు పశువును అమ్మిన రైతుకు పన్ను రాయితీ ఇచ్చే పథకాన్ని పెట్టింది. ప్రజననకారులు తొందరగా ఈడుకు వచ్చే గుణానికి సూచికగా ఆంబోతు వృషణాల చుట్టుకొలతను తీసుకుని, ఆ కొలత ఎక్కువ ఉన్న వంశాలను ఎన్నుకోసాగారు. ఇటువంటి తండ్రికి పుట్టిన పెయ్యలు త్వరగా చూడికడతాయన్నది దాని ఆధారం. మొక్కజొన్న, సోయా పంటలు సెరాడోలో విస్తరించి దాణా చవకబడడంతో ఎండాకాలపు చివరి మూడు నెలలు పశువులను దొడ్లలో కట్టి మేపే పద్ధతి పెరిగింది. సావో పాలో రాష్ట్ర పరిశోధన కేంద్రం కొలీనాలో రూపొందించిన ఒక లక్ష్యం ప్రకారం, తల్లి దగ్గర 7 అరోబాలు, పెంపకంలో 7, బలిపింపులో 7 చొప్పున మొత్తం 21 అరోబాల మాంసపు బరువును 24 నెలల్లో సాధించాలి. అరోబా అంటే 15 కిలోలు, బ్రెజిల్ పశువుల బేరాలన్నీ నేటికీ ఆ కొలతలోనే సాగుతాయి. చైనా కొనుగోలుదారులు పశువుల మెదడు వ్యాధి భయంతో 30 నెలల లోపు పశువుల మాంసాన్నే అనుమతించడం ఈ ధోరణికి మరింత వేగం ఇచ్చింది. అటువంటి ఎద్దుకు మార్కెట్‌లో చైనా ఎద్దు అన్న పేరూ, అరోబాకు కొంత అదనపు ధరా ఏర్పడ్డాయి. పుట్టిన తేదీ రాసి ఉంచని మందల్లో ఆ 30 నెలలను తేల్చేది నోరు తెరిచి చూసే పళ్ల లెక్కే. నాలుగుకు మించి శాశ్వత దంతాలు ఉన్న పశువు ఆ వరుస నుంచి తప్పుకోవలసిందే. ఒంగోలు సంతలో కోడె కాడికి వచ్చిందని చెప్పిన పళ్లు, బారెటోస్ కబేళా దగ్గర దాని సంతతికి గడువు దాటిందని చెబుతాయి.

వాతావరణం ఈ చరిత్రలోకి చివరగా ప్రవేశించినా, దాని వెనుక ఉన్న శాస్త్రం పాతదే. నెమరువేసే జంతువు పెద్దపొట్టలో గాలి తగలని స్థితిలో సూక్ష్మజీవులు పీచును పులియబెట్టినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. ఆర్కియా వర్గపు సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను బొగ్గుపులుసు వాయువుతో కలిపి మీథేన్‌గా మార్చగా, జంతువు దానిని త్రేన్పుగా వదులుతుంది. జర్మనీలోని మోకెర్న్ ప్రయోగశాలలో ఓస్కార్ కెల్నర్ పంతొమ్మిదో శతాబ్దం చివరలోనే గదిలో ఉంచిన ఎద్దుల శ్వాసను విశ్లేషించి ఈ వాయువును కొలిచాడు. 1965లో స్కాట్లండ్‌కు చెందిన బ్లాక్స్టర్, క్లాపర్టన్ మేత తీరును బట్టి దాని పరిమాణాన్ని అంచనా వేసే సూత్రాన్ని ప్రకటించారు. వారందరికీ మీథేన్ అంటే మేతలోని శక్తి వృథాగా పోవడం. అదే వృథా, వందేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 27 రెట్లు భూమిని వేడెక్కించే ఉద్గారమని తర్వాతి తరం గుర్తించింది. పశువు తిన్న దానిలో కొంత బతికి ఉండడానికే, అంటే శరీరపు వేడికీ గుండె కొట్టుకోవడానికీ, ఖర్చవుతుంది. కండ పెరిగినా పెరగకపోయినా ఆ ఖర్చు ప్రతిరోజూ ఉంటుంది, దానితో పాటే మీథేనూ వస్తుంది. ఎండాకాలంలో బరువు తగ్గుతున్న ఎద్దు కూడా త్రేన్పు ఆపదు. కోత వయసును తగ్గిస్తే ఉద్గారం తగ్గుతుందన్న వాదానికి మూలం ఇదే.

ఆ తగ్గుదల ఎంతో ఒక స్థూలమైన లెక్కతో చూడవచ్చు. అంతర్జాతీయ వాతావరణ మార్పు సంఘం 2006 మార్గదర్శకాలు లాటిన్ అమెరికాలోని పాడియేతర పశువుకు ఏడాదికి 56 కిలోల మీథేన్‌ను సగటుగా సూచించాయి. నాలుగున్నరేళ్లకు బదులు రెండున్నరేళ్లకే కోతకు వచ్చిన ఎద్దు రెండేళ్ల మీథేన్‌ను, అంటే 112 కిలోలను, వదలకుండా ఆగుతుంది. బొగ్గుపులుసు వాయువుతో సమానంచేసి చూస్తే అది మూడు టన్నుల వరకు వస్తుంది. మేలైన మేత ఎక్కువగా తినే పశువు రోజు లెక్కన కొంత ఎక్కువే వదులుతుంది కనుకా, దాణా పండించడానికి ఎరువులూ ఇంధనమూ కావాలి కనుకా నికరంగా మిగిలేది ఇంతకన్నా తక్కువే. అంతకన్నా ముఖ్యంగా, కోడె ఎంత త్వరగా వెళ్లిపోయినా దానిని కన్న ఆవు మందలోనే ఉంటుంది, ఏడాది పొడవునా మేస్తుంది. తొలి ఈత నాలుగేళ్లకు జరిగి, తర్వాత రెండేళ్లకొక దూడను మాత్రమే ఇచ్చే ఆవు ఉన్న మందలో, ఒక్క కోడెల కోత వయసును తగ్గించడం సమస్యలో చిన్న భాగాన్నే తాకుతుంది. పెయ్యల ఈడు గురించి బ్రెజిల్ ప్రజననకారులు పట్టిన పట్టు, వాతావరణం మాట ఎత్తకుండానే, ఎక్కువ ఫలితం ఇవ్వగల వైపే సాగింది.

ఈ లెక్క సరైనదే అయినా దేశం మొత్తం మీద ఉద్గారం ఎందుకు తగ్గలేదన్న ప్రశ్న మిగులుతుంది. 1990లో 14.7 కోట్లుగా ఉన్న బ్రెజిల్ పశుసంపద నేడు 23 కోట్లు దాటింది. కిలో మాంసానికి వెలువడే మీథేన్ తగ్గిన కాలంలోనే మందల మొత్తం మీథేన్ పెరిగింది. త్వరగా తయారయ్యే పశువు లాభాన్ని పెంచుతుంది, లాభం మరిన్ని ఆవులను పిలుస్తుంది. దీనికి తోడు అమెజాన్ ప్రాంతంలో పశువు మాంసం కన్నా భూమి కోసం నిలబడింది. 1966లో ఏర్పడిన అభివృద్ధి సంస్థ సుదామ్ పన్ను రాయితీలతో అడవి నరికి పచ్చిక వేసిన వారిని ప్రోత్సహించింది. తర్వాత రాయితీలు తగ్గినా, నరికిన నేలలో పశువులను తోలి ఉంచడమే ఆ నేల తమదని చూపే ఆధారంగా కొనసాగింది. అటువంటి చోట పశువు నిదానంగా పెరగడం యజమానికి నష్టమే కాదు. ఒక హెక్టారు అడవి తగలబడితే వెలువడే వాయువుల ముందు ఎన్నో ఎద్దుల కోత వయసు నుంచి ఆదా అయినది వెలవెలబోతుంది. 2004లో 27 వేల చదరపు కిలోమీటర్లు దాటిన అమెజాన్ వార్షిక అటవీ నిర్మూలన, ఉపగ్రహ నిఘా, చట్టాల అమలు, కబేళా సంస్థలపై వచ్చిన ఒత్తిడి వల్ల 2012 నాటికి 5 వేల లోపుకు దిగింది. ఆ ఎనిమిదేళ్లలో సాధించినది, ఇప్పటి వరకు కోత వయసు తగ్గింపు సాధించిన దానికి ఎన్నో రెట్లు. తర్వాతి ఏళ్లలో అటవీ నిర్మూలన మళ్లీ పెరగడం మరింత బాధాకరం. కోత వయసు తగ్గింపును అడవి రక్షణకు తోడుగా చెప్పేవారి మాట విలువైనది, దానికి ప్రత్యామ్నాయంగా చూపేవారి మాట నమ్మదగినది కాదు.

2010లో బ్రెజిల్ ప్రభుత్వం తక్కువ కర్బన వ్యవసాయ పథకాన్ని ప్రారంభించి, పాడైన పచ్చికలను పునరుద్ధరించడానికీ, పంట, పచ్చిక, చెట్లను ఒకే నేలలో కలిపి పెంచడానికీ తక్కువ వడ్డీ రుణాలు ఇచ్చింది. 2030 దాకా సాగే దాని రెండో దశలో పశువులను ముమ్మరంగా మేపి త్వరగా కోతకు తేవడం తొలిసారిగా వాతావరణ చర్యల జాబితాలో చేరి, 50 లక్షల పశువుల లక్ష్యం ఏర్పడింది. 2021లో గ్లాస్గో సమావేశంలో ప్రపంచ మీథేన్‌ను 2030 నాటికి 30 శాతం తగ్గించాలన్న ఒప్పందంపై ఆ దేశం సంతకం చేసింది. పశుపోషకులు లాభం కోసం ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనికి ప్రభుత్వ పత్రాల్లో ఇలా కొత్త ప్రయోజనం నమోదైంది.

ఒంగోలు సీమలో ఈ ప్రశ్న ఇదే రూపంలో ఎప్పుడూ తలెత్తలేదు. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం గోవధను నిషేధించింది, జాతి విలువ అక్కడ ఇప్పటికీ కాడి, బండి, రాతిదూలం లాగే పందేల చుట్టూనే తిరుగుతుంది. ట్రాక్టరు వచ్చాక ఎద్దుకు పని తగ్గి, మంద చిక్కి, పుట్టినింట జాతి పలుచబడుతున్న కాలంలోనే దాని సంతతి అట్లాంటిక్ అవతల కోట్లలోకి పెరగడం తెలుగు పాఠకుడికి గర్వాన్నీ ఆవేదననూ కలిపి కలిగించే విషయం. ఎండనూ ఆకలినీ ఓర్చుకునే నిదానమైన దేహం కోసం తీసుకెళ్లిన పశువును, ఒక శతాబ్దం తర్వాత తొందరగా బలిసే దేహంగా మలిచారు. ఆ క్రమంలో పాత ఓర్పులో ఎంత మిగిలిందో, దాణా ఖరీదైన రోజున మళ్లీ ఎండు గడ్డి మీద నిలబడగలదో లేదో ప్రజననకారులు గట్టిగా పట్టించుకోవలసిన సంగతి.

బ్రెజిల్ ప్రభుత్వం 2024 చివర ప్రతి పశువుకూ విడిగా గుర్తింపు సంఖ్య ఇచ్చే జాతీయ ప్రణాళికను ప్రకటించి, 2032 నాటికి దానిని దేశమంతటా అమలు చేయాలని నిర్ణయించింది. చెవి బిళ్లపై సంఖ్య ఉన్న పశువుకు పళ్లు చూసే అవసరం లేకుండా పుట్టిన తేదీ తెలుస్తుంది. అది పుట్టిన బీడు ఏదో, దూడగా ఉన్నప్పుడు ఎవరి నేలలో మేసిందో, ఆ నేల ఎప్పటిదాకా అడవిగా ఉండేదో కూడా ఆ సంఖ్య ద్వారానే తేలాలి. ఇప్పటి కబేళా ఒప్పందాలు ప్రధానంగా చివరి యజమానినే పరిశీలిస్తాయి. దూడను పుట్టించిన వాడూ పెంచిన వాడూ వాటికి చాలా మటుకు కనబడరు, నూరేళ్ల నాటి అంచెల ఏర్పాటు నేటికీ వారిని చాటున ఉంచుతోంది.